కొట్టివేత, పొడి సంతకం, అప్‌డేట్ ట్రిగ్గర్

(భీమవరంలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిలిచినందుకు మీ డిపార్ట్‌మెంట్ వాళ్లకు కృతజ్ఞతలు.

మా నాన్నగారు మండపేట దగ్గర ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేసేవారు. దాళ్వా ధాన్యం వచ్చే రోజుల్లో నాకు బడి సెలవులు కాబట్టి నేనూ వెళ్లి ఆయన బల్ల పక్కన కూర్చునేవాణ్ణి. లారీ కాటా ఎక్కుతుంది, తూకం చీటీ వస్తుంది, ఆయన చిట్టాలో రాస్తారు. ఫలానా రైతు, ఇన్ని బస్తాలు, బస్తా 75 కిలోలు. చాలా గుండ్రటి దస్తూరి ఆయనది. అయినా తప్పులు పడతాయి కదా. 210 రాయబోయి 201 రాశారనుకోండి. అప్పుడేం చేసేవారంటే, అంకె మీద అంకె దిద్దేవారు కాదు. బ్లేడుతో గీకేవారు కాదు. 201 మీద అడ్డంగా ఒక్క సన్నటి గీత. పక్కన 210. దాని కింద పొడి సంతకం, తేదీ. గీత ఎంత సన్నగా ఉండాలంటే, కింద ఉన్న 201 చక్కగా కనపడాలి. నేను ఒకసారి అడిగాను, తప్పు అంకె కనపడితే బాగోదు కదా నాన్నా, నల్లగా కొట్టేయొచ్చు కదా అని. "ఆ అంకె చూసుకుని రైతు ఇంటికెళ్లి ఉంటాడు. రేపు అడుగుతాడు. అప్పుడు నేనేం చూపించాలి?" అన్నారు.

ఇవాళ మీతో మాట్లాడే విషయమంతా ఆ సన్నగీత గురించే. డేటాబేసులో ఉన్న విలువని మార్చే అప్‌డేట్ అనే మాట మీకు మొదటి సెమిస్టర్లోనే చెప్పేసి ఉంటారు. అప్‌డేట్ ఫలానా టేబుల్, సెట్ రేటు ఇంత, వేర్ ఫలానా షరతు. రాయడానికి ఒక్క లైను. కానీ ఆ లైను నడిచి కమిట్ అయ్యాక, అంటే మార్పు ఖాయమయ్యాక, పాత అంకె ఎక్కడుంది? టేబుల్లో లేదు. ట్రాన్సాక్షన్ లాగ్‌లో కొంతకాలం ఉంటుంది, కానీ అది సర్వర్ పడిపోతే కోలుకోవడానికి. మీరు క్వెరీ రాసి "నిన్న ఎంతుంది?" అని అడిగితే చెప్పేది కాదు. అంటే అప్‌డేట్ చేసే పని బ్లేడుతో గీకడం లాంటిది. కాగితం మీద మచ్చ కూడా మిగలదు. ఆ గీతను, ఆ పొడి సంతకాన్ని మళ్లీ తెచ్చిపెట్టడానికి మనకున్న పాత సాధనం ట్రిగ్గర్.

ట్రిగ్గర్ అంటే ఏమిటో మీకు తెలుసు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ఒక టేబుల్ మీద ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్, అంటే చేర్చడం, మార్చడం, తీసేయడం జరిగినప్పుడు డేటాబేస్ తనంతట తాను నడిపే ప్రోగ్రాం. ఎవరూ పిలవక్కర్లేదు. అప్లికేషన్ మార్చినా, ఎవరైనా నేరుగా సర్వర్‌లోకి వెళ్లి క్వెరీ కొట్టినా నడుస్తుంది. దాని బలమంతా అక్కడే ఉంది. డేటాని టేబుళ్లుగా పెట్టుకోవాలన్న కాడ్ రిలేషనల్ మోడల్ పేపర్ 1970లో వచ్చింది. డేటాబేసులతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. ట్రిగ్గర్లు దాని స్టాండర్డులోకి ఎక్కింది మాత్రం 1999లో. అప్పటికే డేటాబేస్ కంపెనీలు ఎవరి పద్ధతిలో వాళ్లు కట్టేసుకున్నారు. అందుకే ఒరాకిల్‌లో నేర్చుకున్నది ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పనికిరాదు, అక్కడ నేర్చుకున్నది మైఎస్‌క్యూఎల్‌లో పనికిరాదు. మైఎస్‌క్యూఎల్‌కి అసలు ట్రిగ్గర్లు వచ్చిందే 5.0 వెర్షన్లో, 2005లో. ఇంటర్వ్యూలో "ట్రిగ్గర్ ఎన్నిసార్లు నడుస్తుంది?" అని అడిగితే, "ఏ డేటాబేసులో?" అని మీరు ఎదురు అడగాలి. ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల నేనేం చేశానో ఇప్పుడు చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రొయ్యలు కొనే ఒక సంస్థకి సాఫ్ట్‌వేర్ రాశాను. ఈ ఊళ్లో రొయ్య గురించి నేను మీకు చెప్పక్కర్లేదు, మీలో సగం మంది ఇళ్లలో చెరువులున్నాయి. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, రేటు ఎక్కువ. 100 కౌంట్ అంటే చిన్నది, రేటు తక్కువ. మా టేబుల్లో 30, 40, 50 అలా 100 దాకా ఎనిమిది వరసలు. రో అనాలి నిజానికి, నాకు వరస అనడమే అలవాటు. ఒక్కో వరసలో కౌంట్, దాని పక్కన ఇవాల్టి రేటు. అంతే టేబుల్.

పట్టుబడి తెల్లవారుజామున జరుగుతుంది, కానీ రైతుకి లెక్క కట్టేది నాలుగైదు రోజుల తరవాత. అప్పటికి రేటు మారిపోయి ఉంటుంది. అందుకని లెక్క కట్టే ప్రోగ్రాం ఇవాల్టి రేటు చూడకూడదు, పట్టుబడి నాటి రేటు చూడాలి. దానికోసం హిస్టరీ టేబుల్ ఒకటి పెట్టి, రేట్ల టేబుల్ మీద అప్‌డేట్ ట్రిగ్గర్ రాశాను. ఎస్‌క్యూఎల్ సర్వర్. అందులో ట్రిగ్గర్ లోపల రెండు కనపడని టేబుళ్లు దొరుకుతాయి. డిలీటెడ్ అనే దాంట్లో మారకముందు వరసలు, ఇన్‌సర్టెడ్ అనే దాంట్లో మారిన తరవాతి వరసలు. నేనేం చేశానంటే మూడు వేరియబుల్స్ పెట్టుకున్నాను. కౌంట్, పాత రేటు, కొత్త రేటు. ఇన్‌సర్టెడ్ నుంచి, డిలీటెడ్ నుంచి వాటిలోకి విలువలు తీసుకున్నాను. హిస్టరీలో ఒక వరస రాశాను. పరీక్షించాను. 40 కౌంట్ రేటు మార్చాను, హిస్టరీలో వరస పడింది. 60 మార్చాను, పడింది. సంతోషంగా ఇంటికెళ్లాను.

చాలా నెలలు బాగా నడిచింది. ఎందుకంటే ఆఫీసులో అబ్బాయి స్క్రీన్ మీద ఒక్కో కౌంట్ తెరిచి, రేటు మార్చి, సేవ్ కొట్టేవాడు. ఒక్కో సేవ్ ఒక్కో అప్‌డేట్. తరవాత అతను, రోజూ ఎనిమిదిసార్లు కొట్టలేకపోతున్నానండీ, అన్నిటికీ కలిపి ఒక బటన్ పెట్టండి అన్నాడు. న్యాయమే కదా. పెట్టాం. ఆ బటన్ వెనక ఉన్నది ఒకే ఒక్క స్టేట్‌మెంట్: రేట్ల టేబుల్లో రేటును ఇంత పెంచు. వేర్ లేదు. ఎనిమిది వరసలూ ఒక్క దెబ్బకి మారతాయి.

ఒకరోజు అన్ని కౌంట్ల మీదా కిలోకి 15 రూపాయలు పెరిగింది. బటన్ నొక్కారు. ట్రిగ్గర్ నడిచింది. ఎన్నిసార్లు? ఒక్కసారి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రిగ్గర్ స్టేట్‌మెంట్‌కి ఒకసారి నడుస్తుంది, వరసకి ఒకసారి కాదు. ఇన్‌సర్టెడ్‌లో ఎనిమిది వరసలున్నాయి. నా మూడు వేరియబుల్స్‌లో పట్టేది ఒక్క వరస. ఏ వరస మిగులుతుందో కూడా గ్యారంటీ లేదు, ఆ రోజు 100 కౌంట్ మిగిలింది. దానికి హిస్టరీ పడింది. మిగతా ఏడింటికీ పడలేదు. ఎర్రర్ రాలేదు. లాగ్‌లో ఏమీ లేదు. రేట్ల టేబుల్ చూస్తే కొత్త రేట్లు చక్కగా ఉన్నాయి. అంతా బాగున్నట్టే ఉంది.

వారం పోయాక ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చారు. చేతిలో మడతపెట్టిన తూకం చీటీ. "బాబూ, నేనూ మా పక్క చెరువాయనా ఒకే రోజు పట్టామండి. ఆయనది 100 కౌంటండి, నాది 40 కౌంటండి. ఆయనకి పెరిగిన రేటు కట్టారు, నాకు పాత రేటు కట్టారు. ఇదెక్కడి లెక్కండి?" అన్నారు. ఆయన రొయ్య రెండు టన్నులు. కిలోకి 15 చొప్పున 30,000 రూపాయలు తక్కువ పడింది. కేకలు వేయలేదు. కుర్చీలో కూర్చుని ఆ చీటీని మోకాలి మీద పెట్టుకుని మడతలు సరిచేస్తూ ఉన్నారు. స్క్రీన్ మీద నేను ఆయనకి చూపించడానికి ఏమీ లేదు. పాత అంకె గీకేసి ఉంది. అప్పుడు మా నాన్నగారి మాట నాకు గుర్తుకు రావడం కాదు, గుండెల్లో గుచ్చుకుంది.

సరిచేయడం ఎంత చిన్నపనో చూడండి. వేరియబుల్స్ మూడూ తీసేయాలి. వాటి బదులు ఒక ఇన్సర్ట్: హిస్టరీలోకి, ఇన్‌సర్టెడ్‌నీ డిలీటెడ్‌నీ ప్రైమరీ కీ మీద, అంటే ఒక్కో వరసని గుర్తుపట్టే విలువ మీద, జాయిన్ చేసి, వచ్చిన వరసలన్నీ. ఒక వరస మారితే ఒకటి పడుతుంది, ఎనిమిది మారితే ఎనిమిది పడతాయి, ఏదీ మారకపోతే ఏదీ పడదు. ఆ ఆఖరిది కూడా గుర్తుంచుకోండి. వేర్ షరతుకి ఒక్క వరస కూడా దొరక్కపోయినా అక్కడ ట్రిగ్గర్ నడుస్తుంది, ఇన్‌సర్టెడ్ ఖాళీగా వస్తుంది. వేరియబుల్స్ పద్ధతిలో అప్పుడు నల్‌లతో, అంటే విలువే లేని గడులతో, ఒక పనికిరాని వరస హిస్టరీలో పడుతుంది.

ఒక జాగ్రత్త. కీ మీద జాయిన్ అన్నాను. అప్‌డేట్ ఆ కీనే మార్చేస్తే? 40 కౌంట్ వరసని 45గా మార్చారనుకోండి. డిలీటెడ్‌లో 40 ఉంటుంది, ఇన్‌సర్టెడ్‌లో 45 ఉంటుంది, రెండూ కలవవు. మళ్లీ హిస్టరీ మాయం. అందుకే కౌంట్‌ని కీగా పెట్టకుండా, ఎప్పటికీ మారని ఒక నంబరు కీగా పెట్టుకోవడం మంచిది.

అయితే మిగతా డేటాబేసుల్లో ఎలా? మైఎస్‌క్యూఎల్‌లో వరసకొకసారి మాత్రమే, వేరే దారి లేదు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌లలో రెండూ ఉన్నాయి. ఫర్ ఈచ్ రో అని రాస్తే వరసకి ఒకసారి, ఓల్డ్, న్యూ అనే పేర్లతో పాత, కొత్త విలువలు చేతికొస్తాయి. అది రాయకపోతే స్టేట్‌మెంట్‌కి ఒకసారి. వరసకొకసారి అనేది సులువుగా కనపడుతుంది, నేను చేసిన తప్పు అక్కడ జరగదు. కానీ ఐదు లక్షల వరసలు ఒకేసారి మార్చితే ఆ ట్రిగ్గర్ ఐదు లక్షలసార్లు నడుస్తుంది. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి, అంటే 2017 నుంచి, స్టేట్‌మెంట్ ట్రిగ్గర్‌లో కూడా పాత వరసల టేబుల్, కొత్త వరసల టేబుల్ తీసుకోవచ్చు. పెద్ద టేబుళ్లకు నాకు అదే నచ్చుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్‌కి బిఫోర్ ట్రిగ్గర్, అంటే మార్పు జరగకముందే నడిచేది, రాసేవాళ్లకి ఒక మాట. చివర్లో రిటర్న్ న్యూ అని రాయాలి. రిటర్న్ నల్ అని రాస్తే ఆ వరస అప్‌డేట్ నిశ్శబ్దంగా ఆగిపోతుంది. పొరపాటున రిటర్న్ ఓల్డ్ అని రాస్తే ఇంకా టెన్షన్. ఒక వరస మారింది అని డేటాబేస్ చెబుతుంది, వెళ్లి చూస్తే పాత విలువే ఉంటుంది. డిలీట్ ట్రిగ్గర్‌లోంచి కాపీ కొట్టి తెచ్చి అప్‌డేట్‌కి పెట్టేవాళ్లకి ఇది తరచూ తగులుతుంది.

రెండో సంగతి. అసలు మారిందా, మారలేదా?

ముందు వరసలో ఒకమ్మాయి అడుగుతోంది, ఏ కాలమ్ మారిందో తెలుసుకోవడానికి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అప్‌డేట్ అనే ఫంక్షనే ఉంది కదా అని. ఉందమ్మా. కానీ అది చెప్పేది మారిందా అన్నది కాదు. ఆ కాలమ్ పేరు సెట్ లిస్టులో ఉందా అన్నది మాత్రమే చెబుతుంది. రేటు 310 ఉన్నచోట సెట్ రేటు 310 అని మళ్లీ కొట్టినా అది అవుననే అంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ ఆఫ్ ఫలానా కాలమ్ అని రాసేది కూడా ఇంతే. మీరు వాడే ఫ్రేమ్‌వర్కుల్లో కొన్ని, స్క్రీన్ మీద ఒక్క ఫోన్ నంబరు మార్చినా టేబుల్లో ఉన్న కాలమ్‌లన్నిటినీ సెట్‌లో పెట్టి పంపుతాయి. అప్పుడు మీ హిస్టరీలో 310 నుంచి 310కి మారింది, 310 నుంచి 310కి మారింది అని వందల వరసలు చేరతాయి. మిల్లు చిట్టాలో ప్రతి అంకె మీదా గీత కొట్టి మళ్లీ అదే అంకె పక్కన రాసినట్టు. నిజమైన కొట్టివేత ఎక్కడుందో వెతుక్కోవాలి.

కాబట్టి పాత విలువనీ కొత్త విలువనీ పోల్చాలి. పోల్చేటప్పుడు నల్ దగ్గర జాగ్రత్త. రేటు ఇంకా నిర్ణయించలేదు, నల్ ఉంది. ఇప్పుడు 310 పెట్టారు. పాతది కొత్తదానికి సమానం కాదు అనే షరతు రాస్తే, నల్‌తో పోలిక అవునూ కాదు కాదూ కాదు, తెలియదు అని వస్తుంది. తెలియదు అంటే వరస రాలేదు. అంటే మొట్టమొదటిసారి రేటు పెట్టిన సంగతే హిస్టరీలో ఉండదు. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి 2022 వెర్షన్లో వచ్చింది, అంతకు ముందు వాటిల్లో ఎక్సెప్ట్ వాడి తిప్పలు పడాలి. మైఎస్‌క్యూఎల్‌లో చిన్నది, సమానం, పెద్దది గుర్తులు మూడూ కలిపి రాసే పోలిక ఉంది, అది నల్‌ని సరిగ్గా చూస్తుంది. దాని ముందు నాట్ పెట్టుకోవాలి.

ఇక నిల్వల లెక్క. ధాన్యం గోడౌన్‌లో ఎన్ని బస్తాలున్నాయో ప్రతిసారీ చీటీలన్నీ కూడి చెప్పడం ఆలస్యమని, గోడౌన్ టేబుల్లో మొత్తం ఒకటి పెట్టి, చీటీ మారినప్పుడల్లా ట్రిగ్గర్‌తో సరిచేస్తారు. కొత్త బస్తాల్లోంచి పాత బస్తాలు తీసేసి, ఆ తేడా గోడౌన్‌కి కలుపుతారు. 201 నుంచి 210 అయితే 9 కలుస్తాయి. బాగుంది. కానీ 120 బస్తాల చీటీని పొరపాటున ఒకటో గోడౌన్‌కి రాశారు, దాన్ని రెండో గోడౌన్‌కి మార్చారు. బస్తాలు 120కి 120. తేడా సున్నా. ట్రిగ్గర్ ఏమీ చేయదు. ఒకటో గోడౌన్‌లో లేని 120 బస్తాలు ఉన్నట్టు, రెండో గోడౌన్‌లో ఉన్న 120 బస్తాలు లేనట్టు. లెక్క కుదరక వాచ్‌మెన్‌ని అనుమానిస్తారు. ఇది చాలా బాధాకరమైన విషయం, ప్రోగ్రాం తప్పుకి మనిషి మాట పడటం. పాత వరస చెప్పిన గోడౌన్ నుంచి పాత బస్తాలు తీసేయాలి, కొత్త వరస చెప్పిన గోడౌన్‌కి కొత్త బస్తాలు కలపాలి. రెండూ ఎప్పుడూ చేయాలి, గోడౌన్ మారినా మారకపోయినా. అప్‌డేట్ అంటే పాతది పోవడం, కొత్తది రావడం అని రెండుగా ఊహించుకుంటే ఈ తప్పు జరగదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్లు ఆ రెండు టేబుళ్లకి డిలీటెడ్, ఇన్‌సర్టెడ్ అని పేర్లు పెట్టడంలో ఆ అర్థమే ఉంది.

ఇప్పుడు కాలువ గురించి. మీకు కాలువ తెలుసు కాబట్టి ఇది సులువు. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పుడున్న బ్యారేజీ తరవాతది, 175 గేట్లు. అవతల విజ్జేశ్వరం తల దగ్గర షట్టర్లెత్తితే పశ్చిమ డెల్టా కాలువకి నీళ్లొస్తాయి. అక్కడి నుంచి కాలువలు, పిల్లకాలువలు, బోదెలు, చివరికి శివారు చేను. ట్రిగ్గర్లూ ఇలాగే ఒకదాన్నొకటి లేపుతాయి. చీటీ టేబుల్ మారితే గోడౌన్ టేబుల్ మారుతుంది, గోడౌన్ మారితే కంపెనీ మొత్తం నిల్వ మారుతుంది, అది మారితే ఇంకోటి. తల దగ్గర ఒక్క అప్‌డేట్ కొట్టినవాడికి ఈ పిల్లకాలువలేవీ కనపడవు.

కానీ ఒక ముఖ్యమైన తేడా ఉంది, దీన్ని అర్థం చేసుకుంటే ట్రిగ్గర్లు ఎందుకు నెమ్మదిస్తాయో మొత్తం అర్థమైనట్టే. కాలువ తల దగ్గర షట్టరెత్తిన లస్కరు ఇంటికెళ్లి భోంచేయొచ్చు. నీళ్లు వాటి దారిన అవి పోతాయి, శివారుకి చేరేసరికి రోజులు పడుతుంది. ట్రిగ్గర్‌లో అలా కుదరదు. శివారు చేను తడిసేదాకా లస్కరు షట్టరు పట్టుకుని అక్కడే నిలబడాలి. ఎందుకంటే ట్రిగ్గర్ చేసే పనంతా అదే ట్రాన్సాక్షన్‌లో భాగం. ట్రాన్సాక్షన్ అంటే జరిగితే అంతా జరిగే, లేకపోతే ఏదీ జరగని ఒకే మూట. అప్‌డేట్ కొట్టిన స్క్రీన్ అంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. అంతసేపూ ఆ వరసల మీద లాక్‌లు ఉంటాయి. రెండు కాటాల దగ్గర ఇద్దరు ఒకే గోడౌన్‌కి చీటీలు సరిచేస్తుంటే, గోడౌన్ వరస ఒక్కటే కాబట్టి రెండోవాడు మొదటివాడి కోసం ఆగాలి. సీజన్లో లారీలు బారులు తీరి ఉన్నప్పుడు అది చాలా కష్టం. శివారులో ఎక్కడో ఒక ట్రిగ్గర్‌కి ఎర్రర్ వస్తే నీళ్లన్నీ వెనక్కొస్తాయి, తల దగ్గర అప్‌డేట్ కూడా రోల్‌బ్యాక్ అవుతుంది.

ఇది శిక్షే కాదు, రక్షణ కూడా. హిస్టరీ రాయలేకపోతే రేటు కూడా మారకూడదు. గీత కొట్టకుండా అంకె మార్చడానికి వీల్లేదు. నాకైతే ట్రిగ్గర్ వాడటానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. ట్రిగ్గర్‌లో పని ఎంత తక్కువుంటే అంత మంచిదని చెప్పడానికి కూడా ఇదే కారణం.

తిరిగి అదే టేబుల్‌ని మార్చే ట్రిగ్గర్ల గురించి రెండు మాటలు. చివరగా మార్చిన సమయం అనే కాలమ్ అందరూ పెడతారు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లలో బిఫోర్ ట్రిగ్గర్‌లో న్యూ విలువలోనే సమయం పెట్టేయండి, రెండో అప్‌డేట్ అక్కర్లేదు. మైఎస్‌క్యూఎల్‌లో అదే టేబుల్‌ని ట్రిగ్గర్ లోంచి మళ్లీ అప్‌డేట్ చేయబోతే ఒప్పుకోదు. ఒరాకిల్‌లో వరస ట్రిగ్గర్ లోంచి అదే టేబుల్‌ని చదవబోయినా టేబుల్ మ్యుటేటింగ్ అని 4091 నంబరు ఎర్రర్ ఇస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బిఫోర్ లేదు. ఆఫ్టర్‌లో అదే టేబుల్‌ని మళ్లీ అప్‌డేట్ చేయాల్సి వస్తుంది. మామూలుగా ట్రిగ్గర్ తనని తాను లేపుకోకుండా ఆ సెట్టింగు ఆపి ఉంటుంది. కానీ ఒక టేబుల్ రెండోదాన్ని, రెండోది మళ్లీ మొదటిదాన్ని లేపితే ఆ సెట్టింగు కాపాడదు. 32 అంతస్తులు దిగాక ఎర్రర్ వచ్చి మొత్తం వెనక్కి పోతుంది.

రేటు మారగానే రైతులకి మెసేజ్ పంపాలి, ట్రిగ్గర్‌లోంచే పంపేద్దాం అని ఒకాయన అడిగారు. వద్దన్నాను. మెసేజ్ వెళ్లాక ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయితే? అంకె వెనక్కొస్తుంది, ఫోన్‌కి వెళ్లిన మాట వెనక్కి రాదు. రైతు ఆ రేటు నమ్ముకుని చెరువు పట్టేస్తాడు. పట్టిన రొయ్య మళ్లీ చెరువులో వేయలేం కదా. ట్రిగ్గర్ చేయాల్సింది పంపాల్సినవి అనే టేబుల్లో ఒక వరస రాయడం వరకే. కమిట్ అయితే ఆ వరస ఉంటుంది, లేకపోతే ఉండదు. పక్కన ఇంకో ప్రోగ్రాం ఆ టేబుల్ చూస్తూ మెసేజ్‌లు పంపుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో నోటిఫై అనే సదుపాయం ఉంది, అది కమిట్ అయ్యాకే కబురు అందిస్తుంది, ఆ పక్క ప్రోగ్రాంని లేపడానికి బాగా పనికొస్తుంది.

గీత అయింది. పొడి సంతకం సంగతి ఏమిటి? చాలామంది హిస్టరీలో ఎవరు మార్చారు అనే కాలమ్ పెట్టి, అందులో డేటాబేస్ యూజర్ పేరు రాస్తారు. అప్లికేషన్ అంతా ఒకే యూజర్‌తో లాగిన్ అవుతుంది కాబట్టి వెయ్యి వరసల్లోనూ ఒకటే పేరు. ఆఫీసులో అందరూ ఒకే రబ్బరు స్టాంపు వాడినట్టు. స్క్రీన్ ముందు కూర్చున్న మనిషెవరో ట్రిగ్గర్‌కి తెలియాలంటే, అప్లికేషన్ కనెక్షన్ తీసుకోగానే ఆ పేరు సెషన్‌లో పెట్టాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 నుంచి సెషన్ కాంటెక్స్ట్ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో సెట్ కాన్ఫిగ్‌తో పెట్టి కరెంట్ సెట్టింగ్‌తో చదవొచ్చు. కనెక్షన్ పూల్, అంటే అవే కనెక్షన్లని అందరికీ తిప్పి ఇచ్చే పద్ధతి, వాడుతుంటే మాత్రం పాత మనిషి పేరు కొత్త మనిషికి అంటుకోకుండా ప్రతిసారీ కొత్తగా పెట్టాలి. ఇందులో బద్ధకించకండి. ఒకరి సంతకం ఇంకొకరి పనికి కింద పడితే అది హిస్టరీ లేకపోవడం కన్నా అన్యాయం.

ఆ వెనక నుంచి ప్రశ్న: ఇప్పుడు టెంపోరల్ టేబుళ్లు వచ్చాయి కదా, ఇంకా ట్రిగ్గర్లు ఎందుకండీ? మంచి ప్రశ్న. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016లో, మారియాడీబీ 10.3లో వచ్చాయి. పాత వరసల్ని డేటాబేసే దాచిపెడుతుంది, నేను చేసిన తప్పు చేయడానికి అక్కడ అవకాశమే లేదు. ఫలానా రోజున ఎలా ఉంది అని నేరుగా అడగొచ్చు. నేను ఇవాళ ఆ రేట్ల టేబుల్ కొత్తగా కడితే అదే వాడతాను. కాకపోతే అది ఎప్పుడు మారిందో చెబుతుంది, ఎవరు మార్చారో దానంతట అది చెప్పదు, ఎందుకు మార్చారో అసలే చెప్పదు. ఆ పేరు, ఆ కారణం మీరే కాలమ్‌లు పెట్టి నింపుకోవాలి.

ట్రిగ్గర్ చూడని దారులు కూడా ఉన్నాయి. టేబుల్ మొత్తాన్ని ఒక్కసారిగా ఖాళీ చేసే ట్రంకేట్ కొడితే డిలీట్ ట్రిగ్గర్ నడవదు. మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ కాస్కేడ్ వల్ల, అంటే ఒక టేబుల్ మారినప్పుడు దానికి ముడిపడ్డ ఇంకో టేబుల్‌ని డేటాబేసే మార్చడం వల్ల, మారిన వరసలకి ట్రిగ్గర్ నడవదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫైల్లోంచి కుప్పగా చేర్చే బల్క్ ఇన్సర్ట్‌కి ప్రత్యేకంగా చెబితే తప్ప నడవదు. రాత్రిపూట పెద్ద లోడ్ కోసం ట్రిగ్గర్ ఆపి, పొద్దున తిరిగి పెట్టడం మరచిపోయేవాళ్లూ ఉంటారు. కాబట్టి ఏ టేబుల్ మీద ఏ ట్రిగ్గర్ ఉందో, అది ఏం చేస్తుందో మిగతా కోడ్‌తో పాటే ఒకచోట ఉంచండి. మీ తరవాత వచ్చే కుర్రాడు అప్లికేషన్ కోడంతా వెతికి, ఈ హిస్టరీ వరస ఎవరు రాస్తున్నారో తెలియక రాత్రంతా కూర్చోకూడదు.

ఆ పెద్దాయన సంగతి చెప్పకుండా వదిలేశాను. ఆ రోజు పొద్దున ఏజెంట్లకి పంపిన రేట్ల మెసేజ్ ఒకటి ఆఫీసు ఫోన్లో మిగిలి ఉంది. ఎనిమిది కౌంట్లు, ఎనిమిది రేట్లు. దాన్ని పెట్టుకుని హిస్టరీలో పడని ఏడు వరసలూ నేనే చేత్తో ఇన్సర్ట్ చేశాను. ఆ రోజు పట్టినవాళ్లందరి లెక్కలూ తిరిగి కట్టించాం, ఆయన 30,000 ఆయనకి అందింది. ఆ ఏడు వరసల్లో ఎవరు అన్న గడిలో నా పేరు రాశాను. కారణం అనే కాలమ్ అంతకు ముందు లేదు, దానికోసమే పెట్టాను. అందులో, ట్రిగ్గర్ ఒక వరసే పట్టింది, మిగతావి మెసేజ్ చూసి తరవాత రాసినవి అని రాసి, రాసిన తేదీ వేశాను.

ల్యాబ్‌లో అదే ఎనిమిది వరసల టేబుల్ మీకోసం సిద్ధంగా ఉంచాం, నా పాత ట్రిగ్గర్‌తో సహా. వేర్ లేని అప్‌డేట్ ఒకటి కొట్టి, హిస్టరీ తెరిచి చూడండి. పదండి, వెళ్దాం.